అవ్వ దూప, ఎడారి చెట్టు

నీళ్లు పోసుడు ఎవ్వలకన్న అస్తది. పోయకుండ ఉండుడే పని. గీ ముచ్చట నేను ఎక్కడ చెప్పినా మంది నవ్వుతరు గని, దుబాయ్‌ల శాన ఏండ్లు నేను చేసింది గదే. పెద్ద పెద్ద విల్లాల కాడ తోట పని. గేటు ఇనుము ముట్టుకుంటె చెయ్యి కాలే ఎండల చెట్లను పచ్చగ ఉంచిన చెయ్యి ఇది. ఏ చెట్టుకు దూపైతుందో, ఏ చెట్టు ఉత్తగనే మొఖం వేలాడేసిందో, ఆకు పట్టుకుని చెప్త. గొప్పలు చెప్పుకుంటున్న అనుకుంటరేమో. అనుకోండ్రి. అచ్చిన పని అచ్చు అని చెప్పుకోటానికి నాకు సిగ్గు లేదు.

జగిత్యాలకు తిరిగచ్చినంక ఒకనాడు మార్కెట్ దిక్కు పోతుంటె, ట్రాలీ ఆటోల మొక్కలు పెట్టుకుని ఒక పిలగాడు అమ్ముతున్నడు. గులాబీలు, మందారాలు, క్రోటన్లు. వాటి నడుమ పొట్టిగ, మొదలు బొర్ర లెక్క ఉబ్బి ఒక చెట్టు కూసున్నది. అడీనియం. ఎడారి గులాబి అంటరు. దాని మొదలే దాని నీళ్ల సంచి, వానొచ్చిననాడు తాగి కడుపుల దాసుకుంటది. అక్కడ నేను పిల్లలను సాకినట్టు సాకిన చెట్టు, నాకంటె ముందుగాల మా ఊరికచ్చి ఆటోల కూసున్నది. నాకు మస్తు సంతోషమైంది. ఎత్తుకుని చూస్తుంటె పిలగాడు అన్నడు, "రోజు నీళ్లు పొయ్యి అన్నా, మంచిగ పూస్తది."

"రోజు పోస్తె నీకే మంచిగుంటది తమ్మీ," అన్న, "నెలకో చెట్టు నేనే కొంట."

ఇంటికి తెచ్చి దాని నల్లమట్టి అంత దులిపి పారేసిన. ఇటుక ముక్కలు, గోదావరి ఇసుక, జరంత మాగిన పెంట ఎరువు కలిపి, కింద పెద్ద రంధ్రం ఉన్న మట్టి తొట్టిల పెట్టిన. మా అరుగు మీద పొద్దంత ఎండ ఉంటది. అక్కడ పెట్టి ఇంట్ల అందరికి చెప్పిన. నేను తప్ప ఎవ్వలు దీనికి నీళ్లు పోయద్దు.

చెప్పుడైతె చెప్పిన గని, మా దిక్కు మనుషులకు గది చెప్తె ఎక్కుతదా. మా కాడ మనిషి ఇంటికచ్చిండంటె కూసో అనకముందే చెంబుల నీళ్లు. తాగినంక చెంబుల మిగిలిన నీళ్లు ఎవ్వడు ఉత్త నేల మీద పారబొయ్యడు. పక్కకు ఏ చెట్టు కనవడితె దాని మొదట్ల పోస్తడు. బుద్ధి పెట్టి చేసే పని కాదది, చేతికి చిన్నప్పటి అలవాటు. తాగిన నోరు ముచ్చట చెప్తనే ఉంటది, చెయ్యి దానంతట అదే చెట్టు దిక్కు వంగుతది. మా పక్కింటి భాయ్ ఆటో నడుపుతడు, ఇంట్ల ఉర్దూ మాట్లాడుతడు, మాతోటి మాకంటె మంచి తెలుగు మాట్లాడుతడు. పొద్దుగాల ఒకసారి, పొద్దూకి ఒకసారి మా అరుగు మీద కూసునుడు ఆయనకు అలవాటు. రెండు సార్లు నీళ్లు తాగుతడు, రెండు సార్లు నా చెట్టుకు పోస్తడు. "భాయ్, గది ఎడారి చెట్టు" అంటె "అరే, యాదికి లేదు భాయ్, పాపం కద" అని నవ్వుతడు. మల్లా తెల్లారి గదే కథ.

పాపం అనే మాట కాన్నే నా కొట్లాటంత. ఎందుకంటె మా ఇంట్ల గా మాట అందరికంటె ఎక్కువ అనేటిది నన్ను కన్న మా అవ్వ.

మా అవ్వకు ఎవ్వలన్న దూపతోటి ఉన్నరంటె పానం ఒప్పది. ఎండకాలం అచ్చిందంటె మా గోడ నీడకు రంజన్ కుండ పెట్టి, తడిగుడ్డ చుట్టి, దారిన పోయేటోళ్లను పిలిచి మరీ తాపేది. నేను దుబాయ్‌ల ఉన్నప్పుడు ఫోన్ చేస్తె, తిన్నవా అని సుత అడగకపోయేది. "అక్కడ నీళ్లు దొరుకుతున్నయా కొడుకా?" గదే మొదటి మాట. ఫ్రిజ్జుల సీసాలు చూపించినా నమ్మలే. ఎడారి అన్నంక నీళ్లెక్కడియి అని ఆమె లెక్క.

గసొంటి మనిషికి షుగరు మెల్లమెల్లగ కిడ్నీలను తినేసింది. అందుకే నేను ఉన్న పని ఇడిసిపెట్టి అచ్చిన. రక్తం కడిగే మిషిని కాడికి భాయ్ ఆటోల తీస్కపోవుడు, తీస్కచ్చుడు మా వారం లెక్కల కలిసిపోయింది. గది ఆమె ఓర్సుకున్నది. సూదులు ఓర్సుకున్నది. ఓర్సుకోనిది ఒక్కటే. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "మీ అమ్మకు మూత్రం దాదాపు రాదు, తాగిన నీళ్లు బయటకు పోయే తొవ్వ లేదు, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి చేరుతయి, ప్రాణం మీదికి వస్తది" అన్నడు. పొద్దంతటికి ఎన్ని తాగొచ్చో చెప్పిండు. ఇంటికచ్చి ఒక సీసాకు నా భార్య గోర్ల రంగుతోటి గీత గీసిన. గా గీత దాక పొద్దుగాల నింపితె రాత్రి దాక గవ్వే. చాయ అండ్లకెళ్లే. పచ్చిపులుసు తాగినా అండ్లకెళ్లే కొట్టెయ్యాలె. అవ్వకు పచ్చిపులుసు లేకుంట బుక్క దిగదు.

ఇట్ల ఇంట్ల ఇద్దరికి నీళ్లు బందుపెట్టినోన్ని నేనే అయిన. ఒకటి చెట్టు, ఒకటి అవ్వ.

మేము ఆమె ముందట నీళ్లు తాగుడు బందు జేసినం. నా భార్య వంటింట్ల మూలకు పోయి తాగేది. నేను బాత్రూంల నిలవడి, సప్పుడు కాకుండ, దొంగ లెక్క తాగేటోన్ని. అవ్వకు నీళ్లు తాగబుద్ధి అయితె నా భార్య ఇంట్ల ఉన్న పాత ఉగ్గుగిన్నెల పోసి ఇచ్చేది. ఇప్పుడు హాస్టల్ల ఉండి చదువుకుంటున్న నా బిడ్డకు చిన్నప్పుడు పాలు తాపిన గిన్నె. చిన్నగ ఉంటది కాబట్టి నిండుగ కనవడతది. అవ్వ దాన్ని చూసి, "ఇగ నన్ను తొట్టెల పండవెట్టుండ్రి" అనేది.

ఒకనాడు పొద్దుగాల నేను అరుగు మీదికి పోయేసరికి అవ్వ గోడ పట్టుకుని నిలవడ్డది. చేతుల ఉగ్గుగిన్నె. తన సీసాలకెళ్లి పోసుకచ్చిన నీళ్లు నా చెట్టు మొదట్ల వంపుతున్నది.

"ఏం చేస్తున్నవవ్వా?"

"కండ్లు కనవడతలెవ్వా? నీళ్లు పోస్తున్న."

"దానికి నీళ్లద్దు అని ఎన్నిసార్లు చెప్పాలె?"

"నా నీళ్లు. నేను తాగుత, చెట్టుకు పోసుకుంట, నా ఇష్టం. దూప అంటె ఏందో గిప్పుడు నాకు ఎరికైంది. దాని ఉసురు మనకెందుకు?"

"అవ్వా, గది ఎడారిల పుట్టిన చెట్టు."

"నువ్వు సుత ఎడారిల ఉండి అచ్చినవ్. నీకు నీళ్లద్దా?"

తనకే సాలని నీళ్లల్లకెళ్లి చెట్టుకు వాటా పంచిన మనిషిని ఎట్ల తిడుతం. గిన్నె తీసుకుని లోపలికి తోల్కపోయిన, గంతే.

గా నెలల్నే మా అక్క అచ్చింది. అక్కను సిరిసిల్లకు ఇచ్చినం. బావ సాంచెల మీద బట్ట నేస్తడు. సాంచెలంటె పవర్‌లూములు. పొద్దంత గా చప్పుడు నడుమ బతికిన మనిషి కాబట్టి మా అక్కకు మెల్లగ మాట్లాడుడు రాదు. అవ్వ మంచం కాడ కూసున్నదో లేదో, ఇల్లు దద్దరిల్లేటట్టు అందుకున్నది.

"అవ్వ పెదువులు పలిగినయి, చూసినవా తమ్మీ? పగోనికన్న గుక్కెడు నీళ్లిస్తరు. నువ్వు కొడుకువేనా?"

నేను సీసా చూపించిన, గీత చూపించిన, డాక్టరు చెప్పిందంత చెప్పిన. అరుగు మీది చెట్టును సుత చూపించిన. "దానికి నీళ్లు పోస్తె సస్తది అక్కా, పోయకపోతె బతుకుతది. అవ్వ సంగతి సుత గంతే."

"చెట్టేంది, అవ్వేంది? బోడిగుండుకు మోకాలుకు ముడిపెడతవేందిరా? నువ్వు చెట్లకు డాక్టరువు, అవ్వకు కాదు."

నాకు కోపమచ్చి నేను సుత రెండు మాటలు ఎక్కువనే అన్న. అక్క ఇగ మాట్లాడలే. మాట్లాడకపోతె ఒప్పుకున్నది అనుకున్న.

తెల్లారి ధర్మపురిల ఒక ఇంటోళ్లు తోట చూడమంటె పోయిన. నా భార్య తను చుట్టిన బీడీలు కార్ఖానల ఇచ్చి రావటానికి పోయింది. అక్కకు చేతినిండ టైం దొరికింది. ఆమె చేసింది ప్రేమతోటే చేసింది, అండ్ల అనుమానం లేదు. అన్నంల పచ్చిపులుసు దండిగ పోసి పెట్టింది. సల్ల ఇచ్చింది. అవ్వ అడిగినప్పుడల్లా గిలాస నింపి ఇచ్చింది. ఎన్నో నెలల నుంచి ఎండిన గొంతు, ఇచ్చేటోళ్లు ఉంటె ఎందుకాగుతది.

నేను మాపటికి ఇంటికచ్చేసరికి అవ్వ మంచం మీద నిటారుగ కూసోని ఊపిరి కోసం కొట్లాడుతున్నది. పండుకుందామంటె ఊపిరాడుతలేదు. పాదాలు ఉబ్బి మెరుస్తున్నయి. భాయ్ ఆటో తీసిండు, నేను అవ్వను ఎత్తుకుని కూసున్న. ఆస్పత్రిల డాక్టరు స్టెతస్కోపు పెట్టి చూసి వెంటనే మిషిని మీద పెట్టిచ్చిండు. ఛాతిల నీళ్లు చేరినయి, ఇంక జరసేపు ఆలస్యమైతే చెప్పలేకపోతుంటిమి అన్నడు.

బయట బెంచి మీద అక్క కూసున్నది. ఇయ్యాల ఈమెను నేను ఇడిసిపెట్టద్దు అనుకుంట దగ్గరికి పోయిన. చూస్తె అక్క చేతుల స్టీలు గిలాస ఉన్నది. అవ్వకు నీళ్లిచ్చిన గిలాస, ఆటో ఎక్కేటప్పుడు కింద పెట్టుడు మర్చిపోయి గట్లనే పట్టుకుని అచ్చింది.

"నేనే సంపుతుంటిని కద తమ్మీ," అన్నది మెల్లగ.

మా అక్క మెల్లగ మాట్లాడంగ గదే మొదటిసారి ఇనుడు. గిలాస ఆమె చేతులకెళ్లి తీసుకుని పక్కకు పెట్టిన. ఇద్దరం కూసోని ఏడ్సినం.

రెండోనాడు అవ్వ తేరుకున్నది. బట్టలు తీస్కపోదామని ఇంటికచ్చిన. చెట్టు ఆకులు పసుపుపచ్చగ అయి అరుగు మీద రాలి ఉన్నయి. మొదలు బొటనవేలుతోటి ఒత్తి చూసిన. మాగిన టమాట లెక్క వేలు లోపలికి దిగింది. భాయ్ నీళ్లు, వచ్చిపోయేటోళ్ల నీళ్లు, అవ్వ ఉగ్గుగిన్నె నీళ్లు, అన్ని కలిసి దాని సంచిని లోపల్నే కుళ్లవెట్టినయి.

ఎవ్వలన్న అయితె పారేస్తుండిరి. నేనెందుకు పారేస్త. తొట్టిలకెళ్లి పీకి, కత్తి మంచిగ కడిగి, మెత్తగున్న దగ్గరల్లా కోసుకుంట పోయిన. దాని పాలు విషం, కండ్లల్ల పడకుండ చూసుకోవాలె. తెల్లగ, గట్టిగ ఉన్న కండ కనవడేదాక కోసిన. సగం మొదలు పోయింది. కోసిన కాడంత పసుపు అద్ది, తాడు కట్టి, వాకిలి పైన నీడకు తలకిందులు వేలాడదీసిన. మా దిక్కు దిష్టికి కలబందను గట్లనే వాకిలికి కడతరు. భాయ్ చూసి, "దిష్టికా భాయ్? గింత లావు కలబందను నేను పుట్టినకెళ్లి చూడలే" అన్నడు.

అవ్వ ఇంటికచ్చింది. ఆమె మంచం ముందటింట్ల, వాకిలికి ఎదురుంగ. పండుకుంటె కనవడేది గదే. శానసేపు దాన్నే చూసింది.

"సంపినవా?"

"బతికిస్తున్ననవ్వా."

"మట్టి లేదు, నీళ్లు లేవు, తలకిందులు ఉరి పెట్టినవ్. గిదా బతికిచ్చుడు?"

"కోసిన గాయం ఎండకముందు నీళ్లు తాకితె మల్లా కుళ్లుతది. దానికి కావల్సిన నీళ్లు దాని కడుపులనే ఉన్నయి."

అవ్వ తన ఉబ్బు తగ్గిన పాదాల దిక్కు చూసుకున్నది. "నా కడుపుల సుతనా?"

"నీ కడుపుల జర ఎక్కువనే ఉండె."

నవ్వింది. ఆస్పత్రి నుంచి అచ్చినంక మొదటి నవ్వు. నవ్వు అయిపోయినంక, ఊరి పంచాయితి తెంపినట్టు చెప్పింది. "సరే ఇను. గది మల్ల సిగురు పెట్టిందనుకో, నీ గీత నేను దాటను. ఎవ్వలిచ్చినా తాగను. పెట్టలేదనుకో, ఇగ నా నోటికి నువ్వు అడ్డం రాకు. తాగి సస్త."

"సరే" అన్న. బయటికి మస్తు ధైర్యంగనే అన్న. పిడికెడంత మొదలు మిగిలింది, ఒక్క వేరు లేదు. నూటికి నూరు బతుకుతదని ఏ తోటమాలి చెప్పడు. నా పనితనం మీద నాకు నమ్మకముంది గని, దాని మీద మా అవ్వ పానాన్ని పందెం పెట్టేటంత నమ్మకం ఎవ్వలకుంటది.

గాయం ఎండినంక పొడి ఇసుకల నాటిన. నీళ్లు పోయలే. తొట్టిని అవ్వ మంచం కాడి కిటికీల పెట్టిన, ఆమెనే చూడనియ్యి అని. రోజులు పోతున్నయి. ఉన్న ఆకులన్ని రాలినయి. తొక్క ముడతలు పడ్డది, అవ్వ చేతి మీది తొక్క లెక్క. నా భార్య ఒకనాడు చెవుల చెప్పింది, "గసొంటిదే ఇంకోటి కొనుక్కచ్చి పెడదామా? అత్తమ్మకు ఎరికైతదా?"

"ఎరికైతది," అన్న. "ఎరికకాకపోయినా అద్దు. దొంగ సిగురు చూపెట్టి నీళ్లు ఆపుదామంటె, ఎన్నిరోజులు ఆగుతయి? ఆమె మనసుల ఆమెకు అనిపియ్యాలె."

గా రోజులల్ల అవ్వ నీళ్ల కోసం అడగలే. పందెం కద. తెల్లారంగనే తలకాయ తిప్పి కిటికీ చూసుడు, ఏం లేదని ఇటు తిరుగుడు. అక్క సిరిసిల్లకెళ్లి రోజు ఫోన్ చేసి అవ్వ ఎట్లుంది అని ముందు, చెట్టు ఎట్లుంది అని తర్వాత అడిగేది.

ఒకనాడు నేను గడ్డం గీసుకుంటుంటె లోపలికెళ్లి కేక, "కొడుకా, గిటు రా." సబ్బు నురుగుతోటే ఉరికిన. అవ్వ లేసి కూసున్నది. "నా కండ్లు సరిగ కనవడవు. గా కొస మీద ఏందో ఉన్నది, చూడు."

చూసిన. మిరపగింజంత పచ్చ. ఒత్తి చూస్తె మొదలు రాయి లెక్క గట్టిగున్నది. తొట్టిని ఆమె ఒళ్లె పెట్టిన. వేలితోటి మెల్లగ ముట్టుకున్నది.

"నేను చెప్పలే?" అన్న.

"చెప్పినవ్ తియ్యి. ఇగ ఊరంత డప్పు కొట్టు."

కొట్టిన. ఎందుకు కొట్టను. భాయ్‌కి చెప్పిన, అక్కకు చెప్పిన, మొక్కలమ్మే పిలగానికి సుత పోయి చెప్పిన.

గా తర్వాత మా ఇంట్ల కావలి అవ్వదే అయింది. చెట్టును మల్లా అరుగు మీద పెట్టినం, పక్కకు కుర్చీ ఏసుకుని అవ్వ కూసునేది. భాయ్ నీళ్లు తాగి ముచ్చట చెప్పుకుంట చెయ్యి చెట్టు దిక్కు వంచుతుంటె, "కొడుకా, చెంబు గిటియ్యి" అని గుంజుకునేది. మిగిలిన నీళ్లకు ఒక బకెట్టు పెట్టిచ్చింది, గవ్వి పెరట్ల మునగ చెట్టుకు. అక్క అచ్చినప్పుడు చెట్టు ముందట నిలవెట్టి పాఠం చెప్పింది. "గిది తాగనంటలేదు బిడ్డా, పోస్తె తాగుతది. తాగే సస్తది. అందుకే మనం పోయద్దు." సీసా, ఉగ్గుగిన్నె ఆమె చేతిలనే పెట్టుకున్నది. గీత దాటలే. నేను చూసుడు సుత బందుపెట్టిన.

ఎండకాలం అచ్చింది. ఎడారి చెట్టుకు ఎండ అంటె పండుగ, గులాబిరంగు పూలు గుత్తులు గుత్తులు పూసింది. మాకు మాత్రం పండుగ కాదు. మే నెలల ఒకనాడు పగటీలి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. గోడలు సెగ కక్కుతున్నయి. అవ్వ సీసా చూస్తె అడుక్కు ఒక్క గుక్క ఉన్నది, రాత్రి దాక గదే. అవ్వ పెదువులు ఎండి అంటుకున్నయి. తడిగుడ్డ పెట్టిన, మంచుగడ్డ ముక్క ఇచ్చిన. నాలుకతోటి పెదువులు తడుపుకుందామంటె నాలుకే ఎండి ఉన్నది. అడుగుతలేదు. అడిగితె కసురుకుందును, అడగకపోయేసరికి నా పానం గిలగిల కొట్టుకున్నది. గిన్ని రోజులు గట్టిగున్న మనసు ఒక్కసారి ఇరిగింది. పోయి రంజన్లకెళ్లి గిలాసెడు నీళ్లు ముంచుకచ్చిన.

"తాగవ్వా," అన్న. "గీ ఒక్కనాటికి ఏం కాదు. నేనే ఇస్తున్న, తాగు."

గిలాస దిక్కు చూసింది. గిలాస బయట నీటి సుక్కలు పట్టినయి. తర్వాత నన్ను చూసింది.

"గవ్వి చెట్టుకు పోస్తవా?"

"చెట్టుకెందుకు పోస్త?"

"ఎందుకు పోయవు?"

"ఎందుకంటె..."

"దాన్ని బతికియ్యాలని పోయవు," అన్నది అవ్వ. "మరి నన్ను బతికియ్యాలని లేదా కొడుకా?"

గిలాస పట్టుకుని లేసిన, తీస్కపోయి బకెట్ల పోద్దామని.

"ఆగు," అన్నది. "పారబొయ్యకు. నువ్వు తాగు. గీడ్నే కూసోని తాగు. బాత్రూంల నిలవడి తాగుతవ్, నాకెరిక లేదనుకున్నవా? నీళ్లు తాగే కొడుకును చూడక ఎన్ని రోజులాయె."

కూసున్న. ఆమె ముందట, మంచం పట్టె మీద. గిలాస ఎత్తిన. అవ్వ నా గొంతునే చూస్తున్నది, గుటక గుటకకు. ఆఖరి సుక్క దాక చూసింది.

"సల్లగున్నయా?" అన్నది.

"సల్లగున్నయవ్వా," అన్న.